పన్నెండున్నర ఫోటో

లేవికి ఫోటోలో పడకుండా తప్పుకోవడం బాగా వచ్చు. మూడేళ్లుగా అతని ఉద్యోగంలో సగం అదే.

మిగతా సగం అద్దం తుడవడం. బద్వేలుకు పడమటి వైపున, లంకమల కొండల మొదట్లో ఒక ఇనుప స్తంభం ఉంది. దాని నెత్తిన ఒక కెమెరా, పక్కన సోలార్ పలక, కింద తాళం వేసిన పెట్టె. ఆ కెమెరా అటూ ఇటూ తిరగదు. ఎదురుగా ఉన్న వాలును మాత్రమే చూస్తూ పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా అరగంటకొకసారి ఫోటో తీస్తుంది. తీసినదాన్ని లోపలి సిమ్ము తిరుపతిలో పీహెచ్‌డీ చేస్తున్న శ్రావణి కంప్యూటరుకు పంపేస్తుంది. వాలు మీది చెట్లు ఏ రోజు ఆకు రాల్చాయి, ఏ రోజు చిగురు వేశాయి, ఏ వానకు ఎంత పచ్చబడ్డాయి అన్నది ఆ ఫోటోల్లోని పచ్చదనాన్ని కొలిచి ఆ అమ్మాయి తేలుస్తుంది. ఏడాది తర్వాత ఏడాది అదే చోటు, అదే చూపు ఉండాలి. స్తంభం వేలెడు కదిలినా, అద్దం మీద దుమ్ము పట్టినా, మధ్యలో మనిషి నిలబడినా ఆ ఫోటో పనికిరాదు.

"మనుషులు పడిన ఫోటోలు నేను పారేయాల్సిందే మామా," అని మొదటి రోజే చెప్పింది శ్రావణి. ఆమెది ఆత్మకూరు దగ్గర సేద్యం చేసే ఇల్లు. చదువు ఎంత చదివినా నోట్లో మాట మాత్రం సొంతూరిదే.

"అయితే నేను కనపడను పాపా," అన్నాడు లేవి.

అన్నాడంటే అన్నాడే. చేతి గడియారాన్ని కెమెరా గడియారంతో కలుపుకున్నాడు. నిచ్చెన ఎక్కడం, అద్దం తుడవడం, పలక కడగడం అన్నీ రెండు ఫోటోల మధ్యనున్న ఆ అరగంటలోనే ముగించేవాడు. ఊళ్లో జనం మొదట్లో అది ఎర్రచందనం దొంగలను పట్టే కెమెరా అనుకుని, లేవిని చూస్తే మాట మార్చేవాళ్లు. "చెట్లను ఫోటోలు తీస్తాండారప్పా, మనుషులను కాదు," అని అతను చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పినా ఒక ఏడాది దాకా ఎవరూ నమ్మలేదు. చెట్టును ఎవరైనా రోజుకు ఇరవై ఐదు సార్లు ఫోటో తీస్తారా, పెళ్లికూతురినే అన్నిసార్లు తీయరు గదా అని వాళ్ల వాదన. కాదనడానికి లేదు.

లేవికి మాత్రం ఆ ఉద్యోగం అంటే భక్తి. అంతకు ముందు ఇరవై రెండేళ్లు ఎర్రగుంట్లలో సిమెంటు మూటలు లారీలకు ఎత్తాడు. యాభై ఏళ్లు నిండేసరికి ఊపిరితిత్తులు మొరాయించాయి. డాక్టరు ఎక్సరే చూసి, దుమ్ములో నిలబడితే మనిషివి మిగలవన్నాడు. పల్లెకు తిరిగివచ్చి రెండేళ్లు దగ్గుతూ గడిపాడు. భార్య విశ్వాసమ్మ కూలికి పోయి తెస్తే తిన్నాడు. అది అతనికి దగ్గు కంటే బాధగా ఉండేది. అప్పుడు వచ్చింది శ్రావణి, కొండ కింద నమ్మకమైన మనిషి కావాలని. చదువుకున్న కుర్రాళ్లు నలుగురు వరుసలో ఉండగా లేవిని పెట్టుకుంది. ఎందుకు పెట్టుకున్నావు పాపా అని ఒకసారి అడిగితే, "నిచ్చెన ఎక్కే ముందు నువ్వు చేతులు కడుక్కున్నావు మామా. వాళ్లు కడుక్కోలేదు," అంది. సిమెంటు దుమ్ములో బతికినవాడికి అద్దం విలువ తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

కొండ గాలికి దగ్గు సర్దుకుంది. ఇంట్లో విశ్వాసమ్మ ముందు తలెత్తుకుని అన్నం తినగలిగాడు. రోజూ ప్రార్థనలో శ్రావణి పేరు చెప్పుకునేవాడు. కెమెరా పేరు కూడా చెప్పుకునేవాడు గానీ ఆ సంగతి ఎవరికీ తెలియదు.

ఇక చెట్టు సంగతి. ఫోటోకు సరిగ్గా నడిమధ్యన ఒక తిరుమాను ఉంది. తెల్లటి నున్నటి బెరడు, వంపు తిరిగిన కొమ్మలు. శ్రావణి లెక్కల్లో అన్నిటికంటే ముఖ్యమైన చెట్టు అదే, దగ్గరగా ఉండి ప్రతి కొమ్మా స్పష్టంగా కనపడుతుంది కాబట్టి. దాని మొదట్లో మనిషెత్తు బండ ఒకటి ఉంది. బండకు ఆవలి పక్క కూర్చుంటే కెమెరాకు కనపడరు. లేవి రోజూ అక్కడే సద్ది విప్పుకునేవాడు. కొర్రన్నం, నంజుకోవడానికి చెనిక్కాయలు నూరిన ఊరిబిండి. తినడమయ్యాక చేయి కడిగిన నీళ్లు, పలక కడగగా డబ్బాలో మిగిలిన నీళ్లు చెట్టు మొదట్లో పోసేవాడు. ఆ సీమలో నీళ్లు నేల మీద పారబోసే మనిషి ఉండడు. ఆఖరి చెంబు నీళ్లయినా ఏదో ఒక చెట్టు మొదట్లోకి పోవాల్సిందే. లేవి తల్లి అట్లాగే చేసింది, ఆమె తల్లీ అట్లాగే చేసింది. అది ఒక పని అని కూడా ఎవరూ అనుకోరు.

మూడో ఏడు వానలు మొహం చాటేశాయి. వాలు మీది చెట్లు సంక్రాంతికే ఆకు రాల్చి మోడుల్లా నిలబడ్డాయి. చిన్న మొక్కలు కొన్ని ఎండిపోయి, పట్టుకుంటే పుటుక్కున విరిగేవి. ఏటా ఎండాకాలం తిరుమాను ఆకు లేకుండానే ఉంటుందని, వాన పడ్డాకే చిగురిస్తుందని లేవికి తెలుసు. కొండ కింద పుట్టినవాడు. అయినా ఈసారి ఆ చెట్టును చూస్తే అతనికి గుబులుగా ఉండేది.

ఆ రోజుల్లోనే శ్రమల దినాలు వచ్చాయి. ఈస్టరుకు ముందు నలభై రోజులు చర్చిలో అందరూ ఉపవాసం ఉంటారు. లేవికి షుగరు. పోయినేడు మొండికేసి ఉపవాసం ఉండి, నాలుగో రోజు చర్చి మెట్ల మీదే కళ్లు తిరిగి పడ్డాడు. అందుకని ఈసారి పాస్టరు జయరాజ్ అయ్యగారే ముందుగా పిలిచి మందలించారు.

"నువ్వు తినకుండా ఉండొద్దు లేవీ. దేవునికి అన్నమే ఇయ్యాలని యాడుంది? నీ ఒంటికి కష్టమయ్యే మంచి పని ఏదన్నా చెయ్యి. రోజూ చెయ్యి."

లేవి బాగా ఆలోచించుకున్నాడు. తనకు అన్నం పెట్టినది కొండ. కూర్చోవడానికి చోటిచ్చినది ఆ చెట్టు. కష్టం అంటారా, మోత అతనికి బాగా తెలిసిన కష్టం. ఆ ఉపవాసాలు మొదలయ్యే భస్మ బుధవారం మరుసటి రోజు నుంచి టీవీఎస్ బండికి ఎప్పటి డబ్బాతో పాటు ఇంకో రెండు నీళ్ల డబ్బాలు కట్టాడు. బండి ఆగే చోటు నుంచి చెట్టు దాకా రెండు ఫర్లాంగుల ఎగుడు దారి. ఒక్కో డబ్బాను భుజం మీద పెట్టుకుని, నాలుగు చోట్ల ఆగి ఊపిరి తీసుకుంటూ మోసేవాడు. ఎక్కినంతసేపూ స్తోత్రం చెప్పుకునేవాడు. గడియారం చూసుకుని, ఫోటో పడ్డాక బండ వెనకకు పోయి, రెండు డబ్బాలూ మెల్లగా మొదట్లో ఇంకించి, మళ్లీ ఫోటో పడేలోపు బయటికి వచ్చేవాడు. తడిసిన నేల బండ చాటునే ఉండిపోయింది. దాచాలని కాదు, కనపడనని మాట ఇచ్చాడు కాబట్టి.

ఈస్టరుకు వారం ముందు వచ్చే మట్ల ఆదివారానికి ముందు రోజు కొమ్మ చివర్లలో ఎర్రటి మొగ్గలు కనిపించాయి. వారం తిరిగేసరికి చెట్టు లేత పచ్చగా విచ్చుకుంది. ఎండిన కొండలో అదొక్కటే పచ్చ. లేవి బండకు ఆనుకుని కూర్చుని పసివాడిలా ఏడ్చాడు, సంతోషానికి.

ఈస్టరు అయిన మూడో రోజు శ్రావణి ఫోను చేసింది.

"మామా! మన తిరుమాను చూసినావా? నెలన్నర ముందే చిగురేసింది! చుట్టుపక్కల ఇంగొక్క చెట్టుకు పచ్చ ల్యా!"

"చూసినా పాపా. దేవునికి స్తోత్రం."

"ఆడ వాన ఏమన్నా పడిందా?"

"ఒక్క చుక్క ల్యా."

"బండ కింద ఊట ఏమన్నా ఉండాదా?"

"నాకు తెలిసి ల్యా పాపా."

"అయితే అది తనంతట తానే ముందుగా మేలుకుంటాండాది మామా! మా పెద్ద సారు ఇన్నేళ్లలో ఇట్లాంటిది చూల్లేదంట. మే నెలలో బెంగుళూరులో సభ. రెండొందల మంది ముందర నేనే చెప్పాల. నీకు శానా రుణపడి ఉండా మామా, ఉంటా!"

ఫోను జేబులో పెట్టుకున్నాక గానీ లేవికి విషయం తలకెక్కలేదు. ఆ అమ్మాయి సంబరపడుతున్నది చెట్టును చూసి కాదు, తన రెండు డబ్బాల నీళ్లను చూసి. వానా అని అడిగింది, లేదన్నాడు. ఊటా అని అడిగింది, లేదన్నాడు. రెండూ నిజాలే. ఆ రెండు నిజాలూ కలిసి ఇప్పుడు ఒక అబద్ధమయ్యాయి.

ఇంటికి పోయి విశ్వాసమ్మతో చెప్పాడు. ఆమె చేటలో బియ్యం ఏరుతూ విన్నది.

"చెట్టుకు నీళ్లు పోస్తే దొంగతనమా ఏంది?" అంది.

"దొంగతనమని కాదు. ఆ పాప అది చెట్టు గొప్పతనం అనుకుంటాండాది."

"అనుకోనీ. చెట్టుకేం పోయింది?"

"అంతమంది పెద్దోళ్ల ముందర నిలబడి చెప్తాది విశ్వాసీ. ఎప్పుడో ఒకనాడు బయటపడితే ఆ పాప మొహం యాడ పెట్టుకుంటాది?"

విశ్వాసమ్మ చేట కింద పెట్టింది. "చెప్తే నీ పని పోతాది. మళ్లా ఎర్రగుంట్లకు పోతావా, ఆ ఊపిరితో?"

లేవి చేటను తన ముందుకు లాక్కుని రాళ్లు ఏరసాగాడు.

మరుసటి రోజు ఫోను చేశాడు. శ్రావణి క్లాసులో ఉండి, తర్వాత మాట్లాడతానంది. ఆ తర్వాతి రోజు మళ్లీ చేశాడు. ఈసారి అతను నోరు తెరిచేలోపే ఆమె అందుకుంది. "మామా, నేను నా పీహెచ్‌డీ పుస్తకంలో కృతజ్ఞతలు రాస్తాండా. మొట్టమొదటి పేరు నీదే. అమ్మానాయనల కంటే ముందర పెట్టినా, తెల్సా?" అంది. "మంచిది పాపా," అని లేవి పెట్టేశాడు. మంచిది! తన మీద తనకే అసహ్యం వేసింది. ఇరవై రెండేళ్లు మూటలు మోసిన మనిషికి ఒక్క మాట మోయడం చేతకాలేదు.

తెల్లారి విశ్వాసమ్మే ఒక డబ్బా నిండా నీళ్లు పట్టి, బండికి కట్టి, ముడి గట్టిగా ఉందో లేదో లాగి చూసింది. "నోటితో చెప్పేది రాకపోతే ఇంగో మాదిరిగా చెప్పు," అంది. "చెప్పకుండా మాత్రం ఉండొద్దు. నువ్వు అన్నం తినకుండా ఉంటే చూసేది నా వల్ల కావడం ల్యా."

కొండ ఎక్కుతుంటే లేవికి దారి దొరికింది. ముందు కెమెరా అద్దాన్ని రోజూ కంటే శ్రద్ధగా తుడిచాడు. నిచ్చెన తీసి పక్కన పెట్టాడు. మొహం కడుక్కుని, తల దువ్వుకున్నాడు. పన్నెండు గంటల ఇరవై ఐదు నిమిషాలకు డబ్బా భుజానికెత్తుకుని నడిచాడు. రోజూ పోయే బండ చాటుకు పోలేదు, ఇవతలి వైపుకు వచ్చాడు. మూడేళ్లుగా ఒక్కసారి కూడా అడుగు పెట్టని చోట, నడినెత్తిన ఎండలో, తిరుమాను ముందర నిలబడ్డాడు. మూత తీశాడు. గడియారంలో ముల్లు పన్నెండున్నర మీదికి వస్తుండగా డబ్బాను వంచి, కెమెరా వైపు మొహం తిప్పి, చెట్టు మొదట్లో నీళ్లు పోయడం మొదలుపెట్టాడు. నీళ్లు సగం అతని కాళ్ల మీదే పడ్డాయి. ఆ కెమెరా చప్పుడు చేయదు కాబట్టి ఫోటో ఎప్పుడు పడిందో తెలియదు. డబ్బా పూర్తిగా ఖాళీ అయ్యేదాకా అట్లాగే నిలబడ్డాడు.

ఫోను రాలేదు. ఆ సాయంత్రమూ రాలేదు, మరుసటి రోజూ రాలేదు. లేవి మాత్రం అద్దం తుడవడం మానలేదు. పని ఉన్నన్నాళ్లూ పని పనే గదా.

మూడో రోజు పదకొండు గంటలకు కాలిదారిన శ్రావణి వచ్చింది. బద్వేలులో బస్సు దిగి ఆటోలో వచ్చిందట. చెమటతో మొహం ఎర్రగా ఉంది, కళ్లు ఉబ్బి ఉన్నాయి. ఆమెను చూడగానే లేవి తలకు చుట్టుకున్న తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు.

"మేడం," అన్నాడు. పాప అనే ధైర్యం రాలేదు.

ఆమె బండ వెనకకు పోయి, అతను రోజూ కూర్చునే చోట కూర్చుంది. తడిసి గట్టిపడ్డ మట్టిని వేలితో గీకి చూసింది. "కూర్చో మామా," అంది. అతను కూర్చున్నాడు.

"కోపం వచ్చింది," అంది శ్రావణి. "మొదటి రోజు ఫోను చేసి తిట్టాలనుకున్నా. శానా ఏడ్చినా. రెండో రోజు పాత ఫోటోలన్నీ ముందరేసుకుని నిన్ను వెతికినా, ఇంగా యాడేడ ఏం చేసినావో చూద్దామని. ఇరవై ఏడు వేల ఫోటోలు మామా. ఒక్కదాంట్లో కూడా నువ్వు ల్యావు. నీ నీడ గూడా ల్యా. కానీ ప్రతిదాంట్లో అద్దం తేటగా ఉండాది. దుమ్ము లేచిన రోజు గూడా తేటగా ఉండాది. చూసేకొద్దీ నా కోపం యాటికి పోయిందో నాకే తెలియలా."

లేవి తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

"నువ్వు ఆ పొద్దు అట్ల నిలబడకపోయింటే, నేను రెండొందల మంది ముందర లేనిది చెప్పి వచ్చుందును. ఇంగెవురన్నా అయితే నోరు మూసుకుని ఉందురు." ఆమె సంచిలో నుంచి నోటు పుస్తకం తీసింది. "ఇప్పుడు చెప్పు. ఎప్పటి నుంచి పోస్తాండావు? ఉజ్జాయింపుగా చెప్పినా చాలు."

"ఉజ్జాయింపు ఎందుకు పాపా," అన్నాడు లేవి, ముక్కు తుడుచుకుంటూ. "చెయ్యి కడిగిన నీళ్లు, మిగిలిన నీళ్లు మూడేళ్లుగా పోసేవే. డబ్బాలు మోసింది మాత్రం భస్మ బుధవారం మరుసటి రోజు నుంచి ఈస్టరు ముందటి రోజు దాకా. రోజుకు రెండు డబ్బాలు, నిండుగా. ఆదివారాలు పోయలేదు, చర్చికి పోవాల గదా. మంచి శుక్రవారం పోయలేదు, మూడు గంటల ఆరాధన ఉంటాది. మిగిలిన రోజుల్లో ఒక్కటి గూడా తప్పలేదు. నా ఉపవాసం అది."

శ్రావణి కలం ఆగిపోయింది. ఫోనులో క్యాలెండరు తెరిచి, వేళ్ల మీద ఎంచి, మళ్లీ ఎంచింది. మొగ్గ ఫోటోలో కనపడిన రోజుకు సరిగ్గా ముప్పై మూడు రోజులు నీళ్లు పడ్డాయి. పక్కనున్న చెట్లకు చుక్క పడలేదు. ఏ రోజు పోశాడో, ఎంత పోశాడో, ఏ రోజు పోయలేదో అన్నీ ఉన్నాయి.

"మామా," అంది మెల్లగా. "దీనికి లెక్క లేకుండా పోసినావేమో అనుకుని భయపడినా. నువ్వు మా ల్యాబులో పిల్లోళ్ల కంటే పద్ధతిగా పోసినావు." నవ్వింది. ఆ నవ్వు చూశాక లేవి గుండె కుదుటపడింది. "సభలో చెప్పేది మార్చేసినా. చెట్టు తనంతట తానే మేలుకుంది అనేది తీసేసినా. వాన కంటే ముందర నీళ్లు అందితే ఈ చెట్టు ఇన్ని రోజులకు చిగురిస్తాది అని చెప్తా. ఒక్క చెట్టే కాబట్టి చిన్న మాటే. అయినా నిజం."

"నా పని..." అన్నాడు లేవి.

"నీ పని పెరిగింది. వచ్చే ఎండాకాలం ఐదు చెట్లకు పోస్తాము, ఐదింటికి పోయము. మోసేదానికి మనిషిని పెడతాం, నువ్వు మొయ్యొద్దు. తేదీలు మాత్రం నువ్వే రాయాల." నోటు పుస్తకం అతని ఒళ్లో పెట్టింది. తర్వాత ఒక కవరు తీసి ఇచ్చింది. లోపల ఫోటో ఉంది. ఎండిన కొండ, నడుమ పచ్చటి చెట్టు, దాని ముందర డబ్బా వంచి, భయపడుతూ నేరుగా చూస్తున్న లేవి. మూలన టైము పడి ఉంది, పన్నెండున్నర.

"మనుషులు పడిన ఫోటోలు పారేస్తాననింటివి గదా?" అన్నాడు.

"లెక్కలో నుంచి తీసేసినా. పారేయలా," అంది శ్రావణి. "కృతజ్ఞతల పేజీలో నీ పేరు పక్కన వేస్తాండా."

లేవి ఆ ఫోటోను చాలాసేపు చూశాడు. తన జీవితంలో తనను ఒంటరిగా తీసిన ఫోటో ఆధారు కార్డు మీదిది తప్ప ఇంకోటి లేదు. దేవా, ఈ పిల్లకు ఏమిచ్చి తీర్చుకోవాలి అనుకున్నాడు. పైకి మాత్రం, "తల బాగానే దువ్వుకున్నాలే," అన్నాడు.

ఆమెను ఆటో దాకా దిగబెట్టి వచ్చి, పలక కడిగాడు. డబ్బాలో సగం నీళ్లు మిగిలాయి. అలవాటు కొద్దీ చెట్టు వైపు రెండడుగులు వేసి ఆగాడు. వాన పడేదాకా ఈ చెట్టుకు ఇక చుక్క పోయొద్దని శ్రావణి వెళ్తూ వెళ్తూ గట్టిగా చెప్పింది. లేవి దగ్గరికి పోయి నున్నటి బెరడు మీద అరచేయి ఆనించాడు. "రొంత ఓర్చుకో," అని దానికి చెప్పి, మూత బిగించి, డబ్బాను భుజానికెత్తుకుని కిందికి దిగాడు.

గుమ్మంలో నిలబడిన విశ్వాసమ్మ ముందు అతని మొహం చూసింది, తర్వాత డబ్బా చూసింది. "కొండకు నీళ్లు మోసేటోనివి, ఈ పొద్దు కొండ నుంచి మోసుకొస్తాండావే?" అంది. అతని మొహం చూసినప్పుడే ఆమెకు సంగతి అర్థమైపోయింది.

లేవి తొట్టి పక్కనున్న కరివేపాకు చెట్టు దగ్గర డబ్బా దించి, మిగిలిన నీళ్లు దాని మొదట్లో పోశాడు. పోస్తూ పోస్తూ చటుక్కున గడియారం చూసుకున్నాడు. ఆ అలవాటుకు విశ్వాసమ్మ పగలబడి నవ్వింది.

"ఈడ ఎవురూ ఫోటో తియ్యరులేప్పా," అంది.

"తీసినా ఏం కాదులే ఇంగ," అన్నాడు లేవి, కవరులోని ఫోటో తీసి ఆమె చేతికిస్తూ.